లక్షన్నర కడితే మూడేళ్ల అనుభవం ఇస్తారట... కట్టనా?

ఈ వారం ఉత్తరం అమీర్‌పేటలోని ఒక లేడీస్ హాస్టల్ నుంచి వచ్చింది. రాసిన అమ్మాయి పేరు వద్దన్నారు. నరసరావుపేట దగ్గర పల్లె, వయసు 25. పదో తరగతి దాకా తెలుగు మీడియం, 2021లో బీకాం. తర్వాత రెండున్నరేళ్లు ఒక ఎరువుల దుకాణంలో ట్యాలీలో లెక్కలు రాశారు, జీఎస్టీ రిటర్నులు చూశారు. వెబ్ డెవలప్‌మెంట్ నేర్చుకుంటే మంచి ఉద్యోగం వస్తుందని చుట్టుపక్కల వాళ్లు చెబితే అమ్మ గొలుసు బ్యాంకులో పెట్టి 70 వేలు తెచ్చుకుని హైదరాబాద్ బస్సెక్కారు. 'వంద శాతం ప్లేస్‌మెంట్' అని బోర్డు పెట్టిన ఇన్‌స్టిట్యూట్‌లో 40 వేలు కట్టారు. ఆరు నెలల ఫుల్ స్టాక్ కోర్సు (సైట్ కనిపించే భాగం, వెనక నడిచే భాగం రెండూ నేర్పేది) అయిపోయి మూడు నెలలైంది. ఒక్క ఇంటర్వ్యూ కూడా పెట్టించలేదు.

"క్లాసులో సార్ చేస్తుంటే అంతా అర్థమైనట్టే ఉంటుంది. రూముకొచ్చి ఖాళీ ఫైలు తెరిస్తే మొదటి లైను కూడా రాదు. జావా, డేటాబేస్ అంటే భయం. కానీ పేజీ ఎలా కనిపించాలో సరిచేసే పని ఇస్తే అన్నం సంగతి కూడా గుర్తురాదు" అని రాశారు. ఇప్పుడు ఒక కన్సల్టెన్సీ వాళ్లు లక్షన్నర అడుగుతున్నారు. సగం ఇప్పుడు, సగం ఉద్యోగం వచ్చాక. బదులుగా మూడేళ్లు ఎక్కడో పనిచేసినట్టు ఆఫర్ లెటర్, పే స్లిప్పులు, రిలీవింగ్ లెటర్ ఇస్తారు. హామీగా ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల దగ్గర పెట్టాలి. రూమ్మేట్ అలాగే చేసి ఉద్యోగం తెచ్చుకుంది. "తను మాత్రం రోజూ రాత్రి రెండింటిదాకా ఎవరికో స్క్రీన్ షేర్ చేసి పని చేయించుకుంటుంది, జీతంలో సగం వాళ్లకే పోతుంది" అని ఒక్క వాక్యంలో రాసి ముందుకెళ్లిపోయారు.

నాన్న కౌలుకు మిర్చి వేస్తారు. ఆయనకి ఈ అమ్మాయి చెప్పింది వేరు: కంపెనీలో సెలెక్ట్ అయ్యాను, ట్రైనింగ్ జరుగుతోంది, సంక్రాంతి తర్వాత జీతం మొదలవుతుందని. ఆ మాట మీదే ఇంట్లో సంబంధాలు కూడా చూస్తున్నారు. "లక్షన్నర కట్టనా, ఇంటికి వెళ్లిపోనా? కోడ్ అంతా ఇప్పుడు ఏఐ రాస్తోందంటున్నారు, అసలు నేను చదివిందే దండగా?" ఇదీ ప్రశ్న.

అమ్మా, ముందు ఒక పని. మీ ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇంకా మీ దగ్గరే ఉంటే ఎవరి చేతికీ ఇవ్వకండి. నేను చెప్పేదాంట్లో మిగతాదేదీ నచ్చకపోయినా ఇది ఒక్కటీ వినండి. అవి మీ దగ్గరుంటే రేపు ఏ దారైనా పట్టవచ్చు. అవి వాళ్ల బీరువాలోకి వెళ్లాక మీ తరఫున నిర్ణయాలు వాళ్లు తీసుకుంటారు.

ఇక అసలు విషయానికి వద్దాం. కట్టడమా, ఇంటికి పోవడమా అని మీకు రెండే దారులు కనిపిస్తున్నాయి. ఎందుకని? సంక్రాంతి ముంచుకొస్తోంది కనుక. ఆ గడువు ఎవరు పెట్టారు? ఇన్‌స్టిట్యూట్ పెట్టలేదు, బ్యాంకు పెట్టలేదు. నాన్నగారికి చెప్పిన మాటలో మీరే పెట్టుకున్నారు. ఆ తేదీని పక్కన పెట్టి మీ ఉత్తరం మళ్లీ చదివి చూశాను. లెక్కలు వచ్చిన, పని అలవాటున్న 25 ఏళ్ల అమ్మాయి, కోర్సు చేసి మూడు నెలలైంది, ఇంకా ఉద్యోగం రాలేదు. అంతే. దీనికి అప్పు చేసి మరీ దొంగ కాగితాలు కొనాల్సినంత పీకల మీదకి ఏమీ రాలేదు. నాన్నగారికి చెప్పిన అబద్ధాన్ని నిజం చేయడానికే ఈ రెండో అబద్ధం అవసరమవుతోంది. లక్షన్నర ఉద్యోగానికి కడుతున్నాననుకుంటున్నారు గానీ, ఆ మాట నిలబెట్టుకోవడానికి కడుతున్నారు.

మిమ్మల్ని తప్పు పట్టడానికి రాయడం లేదిది. తాకట్టులో అమ్మ గొలుసుంటే ఫోన్‌లో "ఇంకా ఏమీ రాలేదు నాన్నా" అనడం ఎంత కష్టమో నాకు తెలుసు. అయినా అది చెప్పాకే మిగతా దారులు కనిపిస్తాయి. ఫోన్‌లో వద్దు. శనివారం బస్సెక్కి వెళ్లండి. వెళ్లేముందు తెల్లకాగితం మీద లెక్క రాయండి, మీకు వచ్చిన పనేగా. ఎంత తెచ్చాను, ఎక్కడ ఎంత కట్టాను, చేతిలో ఎంత ఉంది, గొలుసు మీద వడ్డీ ఎంత, ఏ తేదీకి కట్టాలి, రాబోయే నాలుగు నెలలు ఏం చేస్తాను. ఆ కాగితం ఆయన ముందు పెట్టి మాట్లాడండి. కోప్పడతారు. రెండు రోజులు మాట్లాడకపోవచ్చు కూడా. కానీ 2021లో తామర పురుగు మిర్చి తోటల్ని ఊడ్చేసిన ఏడాది మీ నాన్నగారూ చూసే ఉంటారు. పెట్టుబడి పోవడం అంటే ఏమిటో, మళ్లీ నారు పోయడం అంటే ఏమిటో ఆయనకి మనకన్నా బాగా తెలుసు. పెళ్లివారికి 'సాఫ్ట్‌వేర్' అని చెప్పేసిన మాటను కూడా ఆయన ఇప్పుడైతే తేలిగ్గా సరిచేసుకోగలరు. నిశ్చితార్థం అయ్యాక అది అంత తేలిక కాదు.

ఇప్పుడు కన్సల్టెన్సీ దారి. అందరూ దొరికిపోతారని నేను చెప్పను, మీ రూమ్మేటే కళ్లముందుంది. మరి ఎలా దొరుకుతారు? కంపెనీలు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ వేరే సంస్థలకి అప్పగిస్తాయి. వాళ్లు పాత కంపెనీకి రాస్తారు, పీఎఫ్ సభ్యులకిచ్చే నంబరు యూఏఎన్‌లో ఎక్కడ, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా పనిచేశారో చూస్తారు, బ్యాంకు స్టేట్‌మెంట్ అడుగుతారు. మీరు ఎరువుల దుకాణంలో ఉన్న నెలల్లో ఏదో సాఫ్ట్‌వేర్ కంపెనీ జీతం మీ ఖాతాలో పడినట్టు ఎక్కడి నుంచి చూపిస్తారు? చేరేటప్పుడే దొరికితే ఆఫర్ పోతుంది. ఏడాది తర్వాత దొరికితే ఉద్యోగం పోతుంది, తర్వాతి కంపెనీకి చెప్పుకోవడానికి ఏమీ మిగలదు. నకిలీ పత్రాన్ని అసలుదని చూపించడం భారతీయ న్యాయ సంహిత ప్రకారం నేరం. ఆ కాగితాల కింద సంతకం మీది. కన్సల్టెన్సీ వాళ్లది కాదు.

సరే, దొరకలేదనే అనుకుందాం. అప్పుడు జరిగేది మీరే రాశారు, రూమ్మేట్ గురించి ఆ ఒక్క వాక్యంలో. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు పట్టుకున్నది ఆ వాక్యమే. మూడేళ్ల అనుభవం ఉన్నవాళ్లకి ఇచ్చే పని మొదటి వారంలోనే ఇస్తారు. "ఇది నాకు రాదు, కొంచెం చూపిస్తారా" అని పక్కసీటు వాళ్లని అడిగే హక్కు ఫ్రెషర్‌కి ఉంటుంది, మూడేళ్ల సీనియర్‌కి ఉండదు. లక్షన్నర కట్టి మీరు వదులుకునేది ఆ హక్కునే. నేర్చుకునే వయసులో, అడిగి నేర్చుకునే వీలు లేకుండా, రాత్రిపూట ముఖం తెలియని మనిషి మన స్క్రీన్ మీద టైప్ చేస్తుంటే చూస్తూ కూర్చోవాలి. మీ ఇప్పటి బాధ ఏమిటన్నారు? సార్ చేస్తుంటే అర్థమవుతుంది, నేను చేస్తే రాదు అన్నారు. అదే బాధ, జీతంలో సగం కట్టి కొనసాగించడం అన్నమాట.

ఆ బాధ గురించే కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే అది తీరేదే. ఒకరు చేస్తుంటే చూడటం, మనం చేయడం రెండూ వేర్వేరు పనులు. ఆరు నెలల్లో హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్, జావాస్క్రిప్ట్, రియాక్ట్, జావా, డేటాబేస్ అన్నీ మీ ముందు నుంచి రైలు పెట్టెల్లా వెళ్లిపోయాయి. ఏ పెట్టెలోనూ మీరు ఎక్కలేదు. అది మీ బుర్ర లోపం కాదు. ఎవరి ప్రాజెక్టో చూసి రాస్తే చేయి తిరగదు. మీ సొంత అవసరం ఏదైనా ఒకటి పట్టుకోండి.

ఒకటి నేను చెబుతాను. నాన్నగారు గుంటూరు యార్డుకి మిర్చి తీసుకెళ్తారు కదా. ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు), మొత్తం బరువు, క్వింటాలు ధర, అందులోంచి కమిషన్, హమాలీ, కాటా ఖర్చు పోగా చేతికి ఎంత వస్తుంది? ఇది లెక్కకట్టే ఒక్క పేజీ చేయండి. లాగిన్ వద్దు, డేటాబేస్ వద్దు. అంకెలు వేసే నాలుగైదు పెట్టెలు, ఒక బటన్, కింద ఒక జవాబు. నిన్న తూచినవి 40, ఇవాళ తూచినవి 5 అని వేసి బటన్ నొక్కుతారు. జవాబు 405 అని వస్తుంది. గుండె గుభేలుమంటుంది. పెట్టెలో టైప్ చేసినదాన్ని జావాస్క్రిప్ట్ అక్షరాలుగా తీసుకుంటుంది, అంకెలుగా కాదు. అందుకే రెండింటినీ కూడకుండా పక్కపక్కన అతికించింది. చిత్రం ఏమిటంటే అదే పెట్టెల్ని గుణిస్తే సరిగ్గానే వస్తుంది, కూడితేనే తేడా. ఎందుకని మీరే వెతికి, నంబర్‌గా మార్చి, 45 వచ్చేలా చేసిన రోజున అది జన్మలో మర్చిపోరు. క్లాసులో పది సార్లు విన్నా రానిది ఆ ఒక్క తప్పు నేర్పిస్తుంది.

తర్వాత దాన్ని నాన్నగారి ఫోన్‌లో తెరవండి. పేజీని ఫోన్ వెడల్పుకి సర్దే వ్యూపోర్ట్ లైను మర్చిపోయి ఉంటే అక్షరాలు చీమల్లా కనిపిస్తాయి. అది సరిచేశాక 'క్వింటాళ్లు' అన్న మాట చూడండి. వరసల మధ్య ఎడం తక్కువ పెట్టి ఉంటే కింది ఒత్తు తర్వాతి వరసలోకి దిగుతుంది, బటన్ మీదైతే తెగిపోయినా తెగిపోవచ్చు. ఇంగ్లిష్ అక్షరాల కోసం పెట్టిన కొలత తెలుగుకి చాలదు. లైన్ హైట్ 1.6 దాకా పెంచి చూడండి. గూగుల్ ఫాంట్స్‌లో మండలి, నోటో సాన్స్ తెలుగు, రామభద్ర లాంటివి ఉచితంగా ఉన్నాయి, ఒక్కొక్కటీ మార్చి చూడండి. పేజీ కనిపించే తీరు సరిచేస్తుంటే అన్నం సంగతి గుర్తురాదన్నారే, ఆ మాట రాసిన మనిషికి ఈ ఒత్తుల పని పండగలా ఉంటుంది. ఎన్నో తెలుగు సైట్లలో ఒత్తులు ఇంకా తెగిపోయే ఉన్నాయమ్మా. చూసే కన్ను ఉన్నవాళ్లు తక్కువ.

అందుకే మీరు ఫుల్ స్టాక్ అన్న మాట కొన్నాళ్లు పక్కన పెట్టవచ్చనిపిస్తోంది. ఫ్రంట్ ఎండ్, అంటే చూసేవాళ్లకి కనిపించే భాగం, ఒక్కటీ గట్టిగా పట్టుకోవడం తప్పేం కాదు. హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్, జావాస్క్రిప్ట్ బాగా వచ్చాక జావాస్క్రిప్ట్‌తో పేజీలు కట్టే రియాక్ట్, పక్కనే డిజైన్ గీసే ఫిగ్మా, మొదటి రోజు నుంచీ కోడ్‌లో మార్పులు భద్రపరిచే గిట్. దీనికి మళ్లీ ఫీజులు కట్టకండి. ఎండీఎన్ వెబ్ డాక్స్, ఫ్రీకోడ్‌క్యాంప్, ది ఓడిన్ ప్రాజెక్ట్ అనే సైట్లలో నేర్చుకోవడం పూర్తిగా ఉచితం. చేసిన పేజీని గిట్‌హబ్ పేజెస్ అనే చోట పైసా ఖర్చు లేకుండా పెట్టవచ్చు. యాక్సెసిబిలిటీ అనే విషయం కూడా నేర్చుకోండి. చూపు లేనివాళ్లు, మౌస్ పట్టలేనివాళ్లు కూడా వాడగలిగేలా పేజీ కట్టడం. ప్రతి పెట్టెకీ లేబుల్, ప్రతి బొమ్మకీ వివరణ, ట్యాబ్ మీట నొక్కుతూ పేజీ అంతా తిరగగలగడం, అక్షరానికీ వెనక రంగుకీ మధ్య వెలుగులో కనీసం 4.5కి 1 తేడా (కాంట్రాస్ట్). డిజిటల్ సేవలు అందుబాటులో ఉండటం జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్‌లో చెప్పింది. ఇది తెలిసిన ఫ్రెషర్లు నాకు ఎక్కువమంది తగల్లేదు.

ఏఐ సంగతి. అవును, మీ మిర్చి లెక్క పేజీని అది నిమిషంలో రాసిస్తుంది. కాబట్టి తేలిక పేజీలు కట్టడం ఒక్కటే వచ్చినవాళ్లకి కష్టకాలమే, అది దాచను. కానీ 405 వచ్చినప్పుడు అది తప్పని పట్టుకోవడానికి, ఒత్తు తెగిందని చూడటానికి, కమిషన్ ఏ మొత్తం మీద కట్టాలో చెప్పడానికి తెలిసిన మనిషి కావాలి. నా సలహా: ఏ చిక్కు వచ్చినా ముందు 40 నిమిషాలు మీరే తన్నుకోండి. ఆ తర్వాత ఏఐని అడగండి. అది ఇచ్చిన ప్రతి లైనూ ఎందుకుందో తెలుగులో పైకి చెప్పగలిగితేనే ఉంచండి.

పైకి చెప్పడం ఇంటర్వ్యూకీ పనికొస్తుంది. నేను ఒక చిన్న టీమ్‌కి ఇంటర్వ్యూలు తీసుకునే రోజుల్లో అందరినీ ఒక ప్రశ్న అడిగేవాణ్ని: మిమ్మల్ని బాగా ఏడిపించిన బగ్ (కోడ్‌లో తప్పు) ఏది? మూడేళ్ల అనుభవం రాసుకొచ్చిన ఒకబ్బాయి ప్రాజెక్టు వివరణ మొదటి నుంచి చివరిదాకా అప్పజెప్పాడు గానీ దీనికి జవాబు రాలేదు. ఒక ఫ్రెషర్ అమ్మాయి, ఫోన్‌లో కీబోర్డు పైకొస్తే సబ్మిట్ బటన్ దాని కింద దాక్కుందని, రెండు రోజులు పట్టిందని, తప్పుల ఇంగ్లిష్‌లోనే ఉత్సాహంగా చెప్పింది. ఆ అమ్మాయిని తీసుకున్నాం. మీ తెలుగు మీడియం గురించి అంత టెన్షన్ పడకండి. మీరు చేసిన పేజీ గురించి ముందు తెలుగులో, తర్వాత ఇంగ్లిష్‌లో, రోజూ ఐదు నిమిషాలు ఫోన్‌లో రికార్డ్ చేసుకుని వినండి.

ఇక మీ ముందున్న దారులు. హైదరాబాద్‌లోనే ఇంకో నాలుగు నెలలు ఉండవచ్చు, పగలు ఎక్కడో సగం రోజు అకౌంట్స్ పని చూసుకుని. ఇంటర్వ్యూలకి దగ్గర, తోటివాళ్లు ఉంటారు. హాస్టల్ ఖర్చు మాత్రం ఆగదు. పైగా చుట్టూ అందరూ 'ఎక్స్‌పీరియన్స్ పెట్టించుకో' అంటుంటే రోజూ మనసు లాగుతుంది. లేదా ఇంటికి వెళ్లి గుంటూరులోనో నరసరావుపేటలోనో లెక్కల ఉద్యోగం చేస్తూ సాయంత్రాలు నేర్చుకోవచ్చు. అప్పు పెరగదు, గొలుసు విడిపించుకోవచ్చు. కానీ ఏడాది, ఏడాదిన్నర పడుతుంది. ఇంట్లో ఆడపిల్ల సాయంత్రాన్ని ఇంటిపనే మింగేస్తుంది. రోజూ రెండు గంటలు తలుపు వేసుకుంటానని నాన్నగారితో ముందే ఒప్పందం చేసుకోకపోతే ఆ దారి ఊరికే మూసుకుపోతుంది.

ఇంకోటి ఉంది, మీరు అసలు లెక్కలోకి తీసుకోనిది. బిల్లింగ్, అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ చేసే కంపెనీలు చాలా ఉన్నాయి. వాటికి టెస్టింగ్‌లో, కస్టమర్ సపోర్ట్‌లో ఇన్‌వాయిస్ అంటే ఏమిటో, జీఎస్టీ ఎక్కడ తప్పుతుందో తెలిసినవాళ్లు కావాలి. మీ రెజ్యూమెలో ఎరువుల దుకాణాన్ని దాచేశారని నా అనుమానం. పైన పెట్టండి. అది నిజమైన రెండున్నరేళ్ల అనుభవం, ఎవరూ కాదనలేరు. జీతం తక్కువగా మొదలవుతుంది. సపోర్ట్‌లోనే ఉండిపోయే ప్రమాదమూ ఉంది, కాబట్టి ఏడాదిన్నరలో డెవలప్‌మెంట్ వైపు మారాలని ముందే అనుకుని చేరాలి. కానీ లోపలికి వెళ్లాక కోడ్ రాసేవాళ్లు పక్కనే ఉంటారు, అడగవచ్చు. నేనైతే ముందు ఈ తలుపే తడతాను. మీ ఇంటి పరిస్థితి మీకు తెలుసు, ఎంచుకోవాల్సింది మీరే.

ఇన్‌స్టిట్యూట్ 40 వేల సంగతి కూడా వదిలేయకండి. 2024 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ తెచ్చిన మార్గదర్శకాల ప్రకారం, 50 మందికి మించి విద్యార్థులున్న కోచింగ్ సెంటర్లు ఉద్యోగం గురించి అబద్ధపు హామీలు ఇచ్చి ప్రకటనలు చేయకూడదు. రసీదు, కరపత్రం, వాళ్ల వాట్సాప్ మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లు భద్రపరచండి. ముందు రాతపూర్వకంగా అడగండి, కదలిక లేకపోతే 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించండి. ఆ డబ్బు వస్తుందని నమ్ముకుని ఏ ప్లానూ వేసుకోవద్దు, వస్తే గొలుసు వడ్డీకి పనికొస్తుంది.

రూమ్మేట్‌ని దూరం పెట్టకండి. ఆ అమ్మాయి రాత్రి రెండింటిదాకా ఒంటరిగా ఉంది. మీరు నేర్చుకునేటప్పుడు పక్కన కూర్చోమనండి, ఆమెకి మీకన్నా అవసరం.

మిర్చి పేజీ తయారయ్యాక లింకు నాకు పంపండి. నేను ఫోన్‌లోనే తెరుస్తాను. ముందు 40, 5 వేసి చూస్తాను, తర్వాత 'క్వింటాళ్లు' కింద ఒత్తు చూస్తాను.